క్షయ కాని క్షయ: ఛాతీ జబ్బుల నిర్ధారణ వెనుక ఉన్న చరిత్ర

1940లో ‘ఇండియన్ మెడికల్ గెజెట్’ అనే వైద్య పత్రికలో ఒక వ్యాసం వెలువడింది. దానిని రాసినవారు డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమాట్ మొల్లర్, డాక్టర్ బార్టన్. అప్పటి చిత్తూరు జిల్లాలో మదనపల్లె చెంత, ఆరోగ్యవరం అనే చోట, వివిధ క్రైస్తవ మిషన్లు కలిసి 1915లో ఒక క్షయ శానటోరియాన్ని నెలకొల్పాయి. మొల్లర్ దానికి తొలి అధిపతి, డెన్మార్కు దేశస్థుడు. ఆ వ్యాసం శీర్షికను తెలుగులో చెప్పుకోవాలంటే ‘ఇసినోఫిల్ కణాల ఆధిక్యంతో కూడిన, క్షయను పోలిన ఒక స్థితి’ అనాలి. క్షయ చికిత్సకే పుట్టిన ఒక ఆసుపత్రి, క్షయ రోగుల్లా కనిపించే కొందరికి ఉన్నది క్షయ కాదని అచ్చు వేసి చెప్పిన సందర్భమది. మన తెలుగునేల మీద జరిగిన ఈ పనికి మన వైద్య విద్యార్థులలో సైతం రావలసినంత గుర్తింపు రాలేదని నా అభిప్రాయం.

ఆ మాట ఎంత పెద్ద మాటో ఇప్పటివారికి తెలియాలంటే అప్పటి క్షయ రోగి స్థితి తెలియాలి. స్ట్రెప్టోమైసిన్ ఇంకా పుట్టలేదు. క్షయ అని తేలితే నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి మంచాన విశ్రాంతి. మంచి గాలి, పాలు, గుడ్లు. అవి చాలకపోతే ఊపిరితిత్తి చుట్టూ సూదితో గాలి నింపి దానిని ముడుచుకొనేటట్లు చేసేవారు. అదీ చాలకపోతే పక్కటెముకలు తీసివేసేవారు. ఇంటి దగ్గర కంచం వేరు, చెంబు వేరు, పడక వేరు. ఇంట్లో ఒకరికి క్షయ అంటే మిగిలిన ఆడపిల్లల సంబంధాలు కూడా చెడిపోయేవి. ఇంత శిక్షకు గురి అయ్యేవారిలో కొందరికి అసలు క్షయే లేదు అనడం చిన్న విషయం కాదు.

మరి వారికి ఉన్నదేమిటి? లక్షణాలన్నీ క్షయవే. వారాల తరబడి దగ్గు, ముఖ్యంగా రాత్రివేళ, కొద్దిపాటి జ్వరం, బరువు తగ్గడం, నీరసం, కొందరిలో పిల్లికూతలు, ఆయాసం. ఎక్స్‌రే తీస్తే రెండు ఊపిరితిత్తుల నిండా జొన్నగింజలు చల్లినట్లు చిన్న చిన్న మచ్చలు. క్షయ రక్తం ద్వారా ఊపిరితిత్తుల నిండా వ్యాపించినప్పుడు కూడా సరిగ్గా ఇటువంటి చిత్రమే కనిపిస్తుంది. కాని కఫంలో క్షయ క్రిములు లేవు. రోగి కూడా అంత విస్తారమైన క్షయ ఉన్నవాడు కుంగిపోవలసినంతగా కుంగిపోలేదు. రక్తపు చుక్కను గాజుపలక మీద పరచి, రంగు వేసి, సూక్ష్మదర్శిని కింద చూస్తే తెల్లకణాలలో ఇసినోఫిల్ జాతి కణాలు విపరీతంగా ఉన్నాయి. ఆరోగ్యవంతులలో ఇవి నూటికి నాలుగైదుకు మించవు. జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్ 1879లో గుర్తించిన కణాలివి. ఇయోసిన్ అనే రంగును పీల్చుకొని లోపలి రేణువులు ఎర్రగా కనిపిస్తాయి కనుక ఆ పేరు.

ఇక్కడ గమనించవలసినది ఒకటున్నది. రోగిని పరీక్షించిన వైద్యుడు ఒక్కడే నిర్ణయించి ఉంటే అది క్షయ. ఎక్స్‌రే ఒక్కటే చూసి ఉంటే అది తిరుగులేని క్షయ. ప్రయోగశాల కాగితం ఒక్కటే చూసి ఉంటే, రక్తంలో ఇసినోఫిల్స్ పెరిగాయి గనుక, కడుపులో నులిపురుగులు అనుకొని మందిచ్చి పంపేవారు. మూడు సాక్ష్యాలను పక్కపక్కన పెట్టి, వాటి మధ్య పొత్తు కుదరడం లేదని ఒప్పుకున్నప్పుడే కొత్త జబ్బు కంటపడింది.

ఆ మూడు సాక్ష్యాలు వైద్యులకు ఒక్కసారిగా దక్కినవి కావు. 1761లో వియన్నాలో ఔయెన్‌బ్రుగ్గర్ అనే వైద్యుడు ఛాతీని వేళ్లతో తట్టి, వచ్చే మోతను బట్టి లోపల నీరు చేరిందా, గాలి ఉన్నదా అని చెప్పవచ్చునని రాశాడు. అప్పట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1816లో పారిస్ నగరంలో లెన్నెక్ కాగితపు చుట్టను ఛాతీ మీద ఆనించి విన్నాడు. అదే మన స్టెతస్కోపుకు మూలం. 1819లో తన గ్రంథం ప్రచురించాడు. ఆయన గొప్పతనం గొట్టం కనిపెట్టడంలో కన్నా మరొక పనిలో ఉన్నదని నేను అనుకుంటాను. బతికి ఉండగా ఏ శబ్దం విన్నాడో రాసిపెట్టుకొని, ఆ రోగి మరణిస్తే శవపరీక్షలో ఊపిరితిత్తిని కోసి, ఆ శబ్దానికి కారణమైన మార్పు ఏదో స్వయంగా చూసేవాడు. అంటే పరీక్షించే వైద్యుడు, కణజాలం చూసే వైద్యుడు ఇద్దరూ ఆయనలోనే ఉన్నారు. ఆయన 1826లో క్షయతోనే మరణించాడు.

1882 మార్చి 24న బెర్లిన్‌లో రాబర్ట్ కాక్ క్షయ క్రిమిని ప్రకటించాడు. 1895 నవంబరులో రాంట్‌గెన్ ఎక్స్ కిరణాలను కనుగొన్నాడు. అప్పటినుంచి లెన్నెక్ ఒక్కడే చేసిన పని ముగ్గురి చేతుల్లోకి పోయింది. చెవితో వినేవాడొకడు, సూక్ష్మదర్శిని చూసేవాడొకడు, నీడను చదివేవాడొకడు. ఒక్కొక్కరి విద్య అపారంగా పెరిగింది. అయితే ఒకే భవనంలో మూడు గదుల్లో కూర్చొని, కాగితం ముక్కల ద్వారా మాత్రమే మాట్లాడుకునే అలవాటు కూడా అప్పుడే మొదలయింది.

ఎక్స్‌రే వచ్చిన తొలి దశాబ్దాలలో ఫిలిం అబద్ధమాడదన్న నమ్మకం ఉండేది. ఫిలిం అబద్ధమాడదు; చదివే కన్ను మాత్రం మారుతుంది. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన రోజుల్లో అమెరికాలో యెరుషాల్మీ అనే గణాంక శాస్త్రవేత్త, ఆయన సహచరులు, అనుభవజ్ఞులైన వైద్యుల చేత ఒకే ఫిలింలను వేరువేరుగా చదివించారు. ఒకరు మచ్చ అన్నది మరొకరికి కనిపించలేదు. అంతకన్నా వింత ఏమంటే, అదే వైద్యుడు అదే ఫిలింను కొన్నాళ్ల తరువాత చూసి మొదట చెప్పిన దానికి భిన్నంగా చెప్పిన సందర్భాలు కూడా తక్కువేమీ కావు. 1948లో బ్రిటన్‌లో స్ట్రెప్టోమైసిన్‌ను పరీక్షించిన ప్రసిద్ధ అధ్యయనంలో ఈ చిక్కును గుర్తించే, ఇద్దరు రేడియాలజిస్టులు, ఒక వైద్యుడు విడివిడిగా ఫిలింలు చదివారు. ఏ ఫిలిం మందు తీసుకున్న రోగిది, ఏది తీసుకోనివారిది అన్నది వారికి తెలియనివ్వలేదు.

మళ్లీ మదనపల్లె జబ్బు దగ్గరకు వద్దాం. దాని కథ అక్కడితో ముగియలేదు. 1943లో, భారతదేశంలోనే పనిచేస్తున్న వైన్‌గార్టెన్ అనే వైద్యుడు 81 మంది రోగుల వివరాలతో ‘లాన్సెట్’ పత్రికలో రాస్తూ దీనికి ‘ట్రాపికల్ ఇసినోఫిలియా’ అని పేరు పెట్టాడు. అటువంటి రోగి ఒకరికి సుఖవ్యాధి కూడా ఉండగా, దానికోసం ఆర్సెనిక్ కలిసిన ఇంజెక్షన్లు ఇచ్చారు. ఆశ్చర్యంగా దగ్గు, ఆయాసం మాయమయ్యాయి. ఆ విధంగా కారణం తెలియకుండానే చికిత్స దొరికింది. ఆర్సెనిక్ మందు విషతుల్యమైనది, ప్రమాదాలు ఎక్కువ. అయినా పదేళ్లకు పైగా దానితోనే నెట్టుకొచ్చారు.

మంచి మందు వేరొక దారిన వచ్చింది. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనాధిపతిగా ఉన్న కాలంలో, 1947లో, ఆ ప్రయోగశాల నుంచి డైఇథైల్ కార్బమజైన్ అనే మందు వెలువడింది. బోదకాలు కలిగించే ఫైలేరియా పురుగుల మీద పనిచేసే ఈ మందు హెట్రజాన్ అన్న పేరుతో ప్రపంచమంతా చేరింది. మరుసటి ఏడే సుబ్బారావు గారు మరణించారు. 1950లలో వైద్యులు దీనిని ట్రాపికల్ ఇసినోఫిలియా రోగులకు ఇచ్చి చూశారు. కొద్ది రోజుల్లోనే దగ్గు తగ్గింది, కణాల సంఖ్య దిగింది. ఫైలేరియా మందుకు తగ్గుతున్నదంటే ఇది ఫైలేరియా సంబంధమైనదే కావాలి. సింగపూర్‌లో దనరాజ్ మొదలైనవారు రక్తపరీక్షల ద్వారా ఆ వైపే వేలు చూపారు.

చిక్కల్లా ఒక్కటే. ఈ రోగుల రక్తంలో ఫైలేరియా పిల్లపురుగులు ఎంత వెతికినా కనిపించేవి కావు. మామూలు ఫైలేరియా రోగిలో అవి పగలు ఊపిరితిత్తుల రక్తనాళాలలో దాగి, రాత్రి పదింటి తరువాత పై రక్తంలోకి వస్తాయి. అందుకే మన కరీంనగర్ జిల్లాలో ఫైలేరియా విభాగం సిబ్బంది ఊరు నిద్రపోయే వేళకు గాజుపలకలు పట్టుకొని ఇంటింటికీ వెళ్లి వేలి రక్తం తీసేవారు. నిద్ర లేపినందుకు జనం విసుక్కునేవారు, కొందరు తలుపే తీసేవారు కారు. ట్రాపికల్ ఇసినోఫిలియా రోగి దగ్గర ఆ రాత్రి శ్రమ కూడా వృథాయే. ప్రయోగశాల ‘ఫైలేరియా లేదు’ అని రాస్తుంది. ఆ మాటలో తప్పు లేదు, అయినా అది దారి తప్పిస్తుంది.

ముడి విడిపోయింది మన పొరుగునే, వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో. 1960లో వెబ్, జాబ్, గాల్ట్ అనే ముగ్గురు ‘లాన్సెట్’లో ఒక చిన్న నివేదిక ప్రచురించారు. వెబ్ పిల్లల వైద్యుడు. మిగిలిన ఇద్దరు పాథాలజిస్టులు, అంటే కణజాలాన్ని సూక్ష్మదర్శినితో పరిశీలించే నిపుణులు. రోగుల ఊపిరితిత్తి, కాలేయం, శోషరస గ్రంథుల నుంచి తీసిన ముక్కలలో వారు ఫైలేరియా పిల్లపురుగులను చూపించారు. రక్తంలో లేనివి అక్కడ ఉన్నాయి. ఈ రోగుల శరీరం ఆ పురుగుల పట్ల అతిగా స్పందిస్తుంది. అవి ఊపిరితిత్తుల సన్నని నాళాలలో చిక్కుకోగానే ఇసినోఫిల్స్ దండులా చేరి చుట్టుముట్టి చంపివేస్తాయి. ఆ యుద్ధభూమే ఎక్స్‌రేలో కనిపించే మచ్చలు. పురుగులు అక్కడే నశిస్తాయి కనుక రక్తం నిర్మలంగా ఉంటుంది. రక్తంలో పురుగు లేకపోవడం ఈ జబ్బు స్వభావంలోనే భాగమన్నమాట.

మదనపల్లెలో తొలి వివరణ, భీమవరం బిడ్డ ఆధ్వర్యంలో మందు, వేలూరులో కారణం. ఇరవై ఏళ్లు పట్టింది. ఈ రోజు ఈ జబ్బుకు వైద్యుని పర్యవేక్షణలో మూడు వారాల మాత్రలు చాలు. వదిలేస్తే మాత్రం కొందరిలో ఊపిరితిత్తులు క్రమంగా గట్టిపడి, తిరిగి రాని నష్టం మిగులుతుంది.

ఊపిరితిత్తులు గట్టిపడటం అన్నాను కనుక ఇప్పుడు ఆ జబ్బుల చరిత్రలోకి వెళ్లాలి. వైద్యులు ఒకచోట కూర్చొని నిర్ణయించడం అనే పద్ధతికి నేడు ఎక్కడైనా నియమం లాంటి స్థానం దొరికిందంటే అది ఈ కుటుంబానికి చెందిన జబ్బుల విషయంలోనే.

ఊపిరితిత్తిలో గాలిగదుల మధ్య సన్నని గోడలుంటాయి. ప్రాణవాయువు ఆ గోడల గుండానే రక్తంలోకి చేరుతుంది. ఆ గోడలు వాచి, తరువాత నారలాంటి కణజాలంతో మందమయితే ఊపిరితిత్తి సాగదు. మెట్లెక్కితే ఆయాసం, పొడిదగ్గు. వీపు మీద స్టెతస్కోపు పెడితే ఊపిరి తీసుకునేటప్పుడు చెప్పుల వెల్క్రో పట్టీ విప్పినట్టు సన్నని చిటపటలు. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రికి చెందిన హామన్, రిచ్ అనే వైద్యులు 1935లో మొదట, 1944లో విపులంగా, వేగంగా ముదిరి చంపే ఇటువంటి జబ్బును వర్ణించారు. 1969లో లీబో, కారింగ్టన్ అనే పాథాలజిస్టులు కణజాలం తీరును బట్టి ఈ జబ్బులను వర్గాలుగా విడదీశారు. అప్పటినుంచి చాలాకాలం పాథాలజిస్టు మాటే తుది తీర్పు. ఛాతీ తెరిచి ముక్క తీయాలి, ఆయన చూసి పేరు పెట్టాలి.

1980లలో సి.టి. స్కాన్‌లో మిల్లీమీటరు మందంలో పొరలు తీసే విధానం వచ్చింది. అంతకు పదేళ్ల ముందు, 1971లో, హౌన్స్‌ఫీల్డ్ యంత్రం మొదటిసారి ఒక రోగి మెదడును చూపింది. ఇప్పుడది ఊపిరితిత్తి గోడలను చూపసాగింది. రేడియాలజిస్టులు ధైర్యంగా పేర్లు చెప్పడం మొదలుపెట్టారు. పాథాలజిస్టు ఒక పేరు, రేడియాలజిస్టు మరొక పేరు, ఛాతీ వైద్యుడు మూడవ పేరు. ఎవరిది సరి?

2002లో అమెరికా, యూరప్ ఛాతీ వైద్య సంఘాలు కలిసి ఈ ప్రశ్నకు జవాబు చెప్పాయి. ఒక్కరిది కాదు; ముగ్గురూ సమాచారం పంచుకొని, చర్చించి, కలిసి చేరుకున్న నిర్ణయమే నిర్ణయం అన్నాయి. పాథాలజిస్టు సింహాసనం దిగవలసి వచ్చింది. 2004లో ఫ్లాహర్టీ, ఆయన సహచరులు 58 మంది రోగుల వివరాలతో దీనిని పరీక్షకు పెట్టారు. మొదట స్కాన్ మాత్రమే చూపి అభిప్రాయం అడిగారు. తరువాత రోగి చరిత్ర, ఆ తరువాత కణజాలం ఫలితం, చివరకు అందరినీ ఒకచోట కూర్చోబెట్టి చర్చ. మెట్టు మెట్టుకూ అభిప్రాయాలు మారుతూ, ఒకరితో ఒకరికి ఏకీభావం పెరుగుతూ వచ్చింది. 2011 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు మరొక అడుగు వేశాయి: స్కాన్ చిత్రం స్పష్టంగా ఉండి, రోగి కథ దానికి సరిపోతే, ఒక ముఖ్యమైన జబ్బులో ఛాతీ తెరిచి ముక్క తీయనక్కరలేదు. అంటే ఈ కూర్చోవడం వల్ల కొందరికి కత్తిపోటు తప్పింది.

పేరు ఏదైతే ఏమిటి, ఊపిరితిత్తి గట్టిపడిందని తెలిసింది కదా అని కొందరు పాఠకులు అనుకోవచ్చు. 2012 వరకు చాలామంది వైద్యులు కూడా దాదాపు అలాగే అనుకున్నారు. అందరికీ స్టెరాయిడ్లు, వాటికి తోడు రోగనిరోధక శక్తిని అణచే మందు ఇచ్చేవారు. ఆ ఏడు అమెరికాలో జరిగిన ఒక అధ్యయనంలో, కారణం తెలియని పల్మనరీ ఫైబ్రోసిస్ అనే జబ్బు ఉన్నవారికి ఈ మందుల కలయిక ఇస్తే, ఏ మందూ లేని మాత్రలు తీసుకున్నవారి కన్నా ఎక్కువమంది మరణించారు. ఆ చికిత్సను మధ్యలోనే ఆపివేశారు. వారికి వేరే మందులున్నాయి, అవి జబ్బు వేగాన్ని తగ్గిస్తాయి. అదే స్టెరాయిడ్, పడని ధూళి వల్ల ఊపిరితిత్తి వాచిన రోగికి ఎంతో మేలు చేయవచ్చు. చూడటానికి ఒకే తీరుగా దగ్గే ఇద్దరు మనుషులు; ఒకరికి మందు, మరొకరికి అదే విషం.

ఇప్పుడు మన దగ్గరకు. 2012 నుంచి 2015 వరకు మన దేశంలో 19 నగరాల్లోని 27 ఆసుపత్రులు కలిసి ఇటువంటి 1,084 మంది రోగుల వివరాలు సేకరించాయి. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన గణేశ్ రఘు బృందంతో కలిసి ప్రతి కేసునూ చర్చకు పెట్టారు. ఫలితాలు 2017లో వచ్చాయి. పాశ్చాత్య దేశాల పుస్తకాలు చదివి మనం అనుకున్న చిత్రం తలకిందులయింది. నూటికి 47 మందిలో ఉన్నది హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్, అనగా గాలిలో పీల్చిన బూజు, పక్షుల రెట్టల ధూళి వంటివి పడక కలిగే జబ్బు. వారిలో దాదాపు సగం మంది ఇళ్లల్లో ఎయిర్ కూలర్లున్నాయి.

జమ్మికుంటలో ఉండేవారికి ఇది వేరే చెప్పాలా? రామగుండం ఎండలు ఎటువంటివో తెలిసిన ప్రాంతం మనది. ఉగాది రాగానే అటక మీది కూలర్ కిందికి దిగుతుంది. నిరుటి గడ్డి ప్యాడ్లు, అడుగున నిరుటి పాచి. కడిగి ఎండబెట్టకుండా నీళ్లు పోసి తిప్పితే, రాత్రంతా ఆ బూజు రేణువుల మధ్య ఇల్లంతా నిద్రపోతుంది. అందరికీ జబ్బు రాదు, కొందరి శరీరానికే అది పడదు. ఆ కొందరిని ఎక్స్‌రే గుర్తించలేదు, ‘ఇంట్లో కూలరున్నదా?’ అన్న ప్రశ్నే గుర్తించాలి.

పని ఏమిటి అని అడగాలన్న సూత్రం పాతదే. ఇటలీ వైద్యుడు రమజ్జిని 1700లో వృత్తుల వల్ల కలిగే జబ్బుల మీద గ్రంథం రాస్తూ, రోగిని అడిగే ప్రశ్నల్లో వృత్తి ఏమిటన్నది కూడా చేర్చమన్నాడు. మన ఉత్తర తెలంగాణలో ఆ ప్రశ్నకు వచ్చే జవాబులు చూడండి. జమ్మికుంట పత్తి మార్కెట్లో హమాలీ. జిన్నింగు మిల్లులో కూలి. కరీంనగర్ చుట్టూ గ్రానైటు క్వారీలో డ్రిల్లింగు. గోదావరిఖనిలో బొగ్గు బావి. సిరిసిల్లలో మరమగ్గం. వేలాది ఇళ్లలో బీడీలు. పత్తి దుమ్ము వల్ల వచ్చే బిస్సినోసిస్ అనే జబ్బులో వారాంతపు సెలవు తరువాత పనిలోకి దిగిన మొదటిరోజే ఛాతీ బిగపట్టడం ఎక్కువ. 1950లలో లాంకషైర్ మిల్లుల్లో షిల్లింగ్ అనే వైద్యుడు దీనిని మెట్లు మెట్లుగా వర్గీకరించాడు. అందులో ఎక్స్‌రే దాదాపు మామూలుగానే ఉంటుంది. గ్రానైటు రాతిధూళి వల్ల వచ్చే సిలికోసిస్‌లో దీనికి వ్యతిరేకం: ఎక్స్‌రే నిండా మచ్చలు, చూస్తే క్షయ. పైగా సిలికోసిస్ ఉన్నవారికి క్షయ కూడా తొందరగా సోకుతుంది. కనుక ‘ఇది క్షయ కాదు, సిలికోసిస్’ అని ధీమాగా చెప్పడం కూడా ఒక్కరు చేయగల పని కాదు.

ఉదాహరణకు ఒకరిని ఊహించుకుందాం. జమ్మికుంట దగ్గరి పల్లెలో 52 ఏళ్ల అమ్మ. ఏడాదిగా పొడిదగ్గు, నాట్లు వేసి గట్టెక్కితే దమ్ము. ఎక్స్‌రేలో నీడ ఉన్నదని ఎక్కడో ఆరు నెలలు క్షయ మాత్రలు మింగింది, కఫంలో క్రిములు కనబడకపోయినా. తగ్గలేదు. కొడుకు వెంట రైలెక్కి వరంగల్ వెళ్లింది. అక్కడ ఛాతీ వైద్యుడు వీపున చిటపటలు విన్నాడు. సి.టి. స్కాన్ చూసిన రేడియాలజిస్టు ఒక మాటంటాడు: ‘కొన్నిచోట్ల గాలి బయటికి పోకుండా చిక్కుకున్నట్లున్నది. ఆమె ఏమైనా పీలుస్తున్నదా, కనుక్కోండి.’ ఛాతీ వైద్యుడు వార్డుకు తిరిగి వెళ్లి అడుగుతాడు. ఇంటి చూరులో పావురాలు, పదేళ్లుగా. కీళ్ల జబ్బుల వైద్యుడు వచ్చి ఆమె వేళ్లు, చర్మం, కళ్ల తడి చూసి, కొన్ని రక్తపరీక్షలు చూసి, కీళ్లవాతం వైపు ఆధారం లేదంటాడు. శ్వాసనాళం లోపలికి సన్నని గొట్టం పంపి కడిగిన నీటిలో పాథాలజిస్టు కణాలు లెక్కిస్తాడు. ఆ గొట్టం సులభంగా వంగేటట్లు 1960లలో జపాన్ వైద్యుడు ఇకెడా చేసిన మార్పు వల్లనే ఈ పరీక్ష మత్తు లేకుండా సాధ్యమవుతున్నది. నలుగురూ అరగంట కూర్చుంటారు. ఆమెకు కావలసినది పావురాలను తోలివేయడం, కొంతకాలం మందులు. క్షయ మాత్రలు మింగిన ఆరు నెలలూ ఆమె ఆ పావురాల కిందనే పడుకున్నది.

బృందం చెప్పినంత మాత్రాన అది వేదవాక్కు అనుకోరాదు. 2016లో వేరువేరు దేశాలకు చెందిన ఏడు బృందాలకు ఒకే 70 మంది రోగుల వివరాలిచ్చి చూశారు. కారణం తెలియని ఫైబ్రోసిస్ విషయంలో బృందాలు బాగానే ఏకీభవించాయి. హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్ దగ్గర మాత్రం ఏకీభావం తక్కువ. మన దేశంలో ఎక్కువగా కనబడుతున్నది అదే అయినప్పుడు మన వైద్యులు మరింత జాగ్రత్తగా ఉండవలసి వస్తుంది.

క్షయ విషయంలో పరిస్థితి మెరుగుపడిన మాట నిజం. కఫంలోని క్షయ క్రిమి జన్యుపదార్థాన్ని పట్టి, మందుకు లొంగుతుందో లేదో కూడా గంటల్లో చెప్పే పరీక్షలు ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితంగా దొరుకుతున్నాయి. ఉన్నదని తేలితే మందులూ ఉచితం; వాటిని ఒక్కరోజు కూడా మానకూడదు. నన్ను బాధించేది లేదని తేలినవారి సంగతి. ‘క్షయ లేదు’ అన్న కాగితంతో ఇంటికి వెళ్తారు, దగ్గు అలాగే ఉంటుంది. ఆ కాగితం ఒక చోట, ఎక్స్‌రే మరో చోట, పాత స్కాన్ ఇంకో చోట. నా ఉద్యోగకాలంలో ఒక చోట పాత ఎక్స్‌రే ఫిలింలను రోగికి ఇవ్వకుండా, దాచకుండా, పాతసామాను వాడికి తూకానికి అమ్మేవారు. మూడేళ్ల కిందటి నీడ అలాగే ఉన్నదా, పెరిగిందా అని పోల్చి చూడటం ఎన్ని పరీక్షలకన్నా విలువైనదో అమ్మేవారికి తెలియదు. కనుక మీ ఇంట్లో ఛాతీ జబ్బు ఉన్నవారి ఫిలింలు, స్కాన్ సీడీలు, రిపోర్టులు అన్నీ ఒకే సంచిలో, తేదీల వరుసలో పెట్టండి. ఫిలింను ఫోనులో ఫొటో తీసి పంపితే సన్నని గీతలు పోతాయి; అసలుదే తీసుకెళ్లండి. వైద్యుడు అడిగినా అడగకపోయినా మీరు ఇదివరకు చేసిన పనులన్నీ, ఇరవై ఏళ్ల కిందటివైనా సరే, చెప్పండి.

ఇక ట్రాపికల్ ఇసినోఫిలియా. 2004 నుంచి దేశమంతటా ఫైలేరియా ప్రాంతాలలో ఇంటింటికీ మాత్రలు మింగించే కార్యక్రమం సాగింది, మన కరీంనగర్ కూడా అందులో ఉన్నది. ఆ మాత్రలలో ఒకటి సుబ్బారావు గారి ప్రయోగశాల నుంచి వచ్చినదే. ఫైలేరియా తగ్గింది, దానితోపాటు ఈ జబ్బూ అరుదయింది. నేటి యువ వైద్యులలో పలువురు దీనిని పుస్తకంలోనే చూసి ఉంటారు. అయితే ప్రతి ఏటా కార్తీకం దాటగానే పెద్దపల్లి, కరీంనగర్ జిల్లాల ఇటుక బట్టీలకు ఒడిశా నుంచి కుటుంబాలకు కుటుంబాలు వస్తాయి. అక్కడ ఫైలేరియా ఇంకా ఉన్న జిల్లాలున్నాయి. బట్టీలో పనిచేసే పాతికేళ్ల కుర్రవాడు రాత్రిళ్లు దగ్గుతున్నాడని, ఎక్స్‌రేలో జొన్నగింజల వంటి మచ్చలున్నాయని, కఫంలో క్రిములు లేవని తెలిస్తే, ఇసినోఫిల్ కణాల లెక్క ఒక్కటి అడగండి. అతడు ఏ ఊరివాడో కూడా అడగండి.